వంకరగోడ వారు

రెండు వేల ఆరు మే నెలలో మా కంపెనీకి ఒక చర్చిని కొలిచే పని వచ్చింది. సింగపూర్‌లో వన్-నార్త్ అనే ఆఫీసుల పేటలో కూర్చుని, కట్టబోయే భవనాలకు కంప్యూటర్‌లో రూపాలు గీసే కంపెనీ మాది. ఆ రోజుల్లో ఊళ్ళో ఎక్కడ చూసినా కొత్త టవర్లే. ప్రతి టవర్‌కూ మాలాంటివాళ్ళు కావలసివచ్చి, తెనాలి నుంచి నేనూ, వరంగల్ నుంచి దీపక్కూ వచ్చి పక్కపక్క కుర్చీల్లో పడ్డాం. ఎప్పుడో కట్టేసిన భవనాన్ని కొలవమని అడిగినవాళ్ళు అంతకుముందు ఎవరూ లేరు.

చర్చి జురాంగ్ వెస్ట్ ఫ్లాట్ల వెనక ఒక మిట్ట మీద ఉంది. ఒకప్పుడు అక్కడ కొబ్బరితోట. తోట దొర ఇంగ్లండులో ఆష్‌మేర్ అనే పల్లెటూరి పాదిరిగారి కొడుకు. చిన్నప్పుడు తను కూర్చున్న చర్చి లాంటిదే ఇక్కడా కావాలని పట్టుబట్టి, కొలతలు తెప్పించి, 1884లో కట్టించాడు. ఈ సంగతి గుమ్మం పక్కన ఇత్తడి రేకు మీద అందరికీ కనిపించేలా చెక్కి ఉంది. ఎదురుగా బస్‌స్టాపు, పక్కన తిండి దుకాణాల హాకర్ సెంటర్ పొగ, మధ్యలో నాచుపట్టిన చదరపు గోపురంతో ఇంగ్లండు పల్లెటూరు. చూడగానే ఎంత ముచ్చటేసిందో చెప్పలేను.

లోపలికి వెళ్ళాక ముచ్చట కాస్తా ఆశ్చర్యం అయింది. జనం కూర్చునే పొడవాటి హాలు దాటి, బలిపీఠం ఉన్న గది వైపు నడుస్తుంటే కాళ్ళు వాటంతట అవే ఎడమకు లాగుతున్నాయి. ఆ గదిని వాళ్ళు చాన్సెల్ అంటారు, మన గర్భగుడి లాంటిది. హాలు ఒక దిక్కు చూస్తోంది, చాన్సెల్ ఇంకాస్త ఎడమకు చూస్తోంది. కిటికీలు ఒకదానికొకటి పోలిక లేవు. ఒకటి చిన్నది, పైన గుండ్రం. ఒకటి సన్నగా, పైన మొనదేలి ఉంది. ఇంకొకటి వెడల్పుగా, లోపలంతా రాతి అల్లికతో ఉంది. ఉత్తరపు గోడలో ఒక తలుపు ఆకారం ఉంది, కానీ అక్కడ తలుపు లేదు, ఇటుకలతో పూడ్చి ఉంది.

లేజర్ మెషీను చుట్టూ తిరిగి కొలిచింది. ఆఫీసుకి వచ్చి కంప్యూటర్‌లో తెరిచిన దీపక్ తల పట్టుకున్నాడు.

"మెషిన్ల ఏదో లొల్లి ఉంది నళినీ. గింత వంకర ఎట్లొస్తది? ఆగు, సీదా చేస్త." ఒక్క బటన్ నొక్కాడు. తెర మీద చాన్సెల్ గిర్రున తిరిగి హాలుకు సూటిగా నిలబడింది.

"ఆడలేక మద్దెల ఓడన్నట్టు మెషీన్ని అంటావేం? వంకర అక్కడే ఉంది, నా కళ్ళతో చూశాను. వెనక్కి తిప్పు," అన్నాను.

"వంకరుంటే మనకేంది? ఆళ్ళే సీదా చేయమంటున్నరు."

అది నిజమే. మరమ్మతుల కమిటీ పెద్ద మిస్టర్ టాన్. మెత్తని మనిషి, రిటైర్డ్ లెక్కల మాస్టారు. సాఫ్ట్‌వేరు కంపెనీలు పెట్టి పైకొచ్చిన చర్చి పిల్లలు విరాళాలిచ్చారు. దాంతో చాన్సెల్ కూల్చి, తిన్నగా తిరిగి కట్టాలని, కిటికీలన్నీ ఒకే తీరున మార్చాలని, పూడ్చిన తలుపు దగ్గర కోసి అద్దాల ద్వారం పెట్టాలని ప్లాను. దానికి ఆయన దగ్గర మంచి కారణమే ఉంది. ఆష్‌మేర్ చర్చి ఫోటోలు తెప్పించాడు. అక్కడ చాన్సెల్ సూటిగా ఉంది. కిటికీలన్నీ ఒకే అచ్చు. ఉత్తరపు గోడ నున్నగా ఉంది, తలుపు జాడే లేదు.

"మన మేస్త్రీలు పాపం తప్పు చేశారు. మూలం ఎలా ఉందో అలా దిద్దుదాం," అన్నాడు టాన్. ఆ మాటకి నాకు ఎందుకు చుర్రుమందో అప్పుడు తెలియలేదు.

మర్నాడు మిగిలిన కొలతలకి వెళితే, వరండాలో ఒక పెద్దాయన గొడుగు మీద గడ్డం ఆనించుకుని కూర్చుని ఉన్నాడు. నుదుట విభూతి, కాళ్ళకి రబ్బరు చెప్పులు. మేం తెలుగులో పోట్లాడుకోవడం విని లేచి వచ్చాడు.

"ఏటమ్మా, తెలుగోలా? మకాన్ అయ్యిందా?"

"తిన్నాం అంకుల్. మీరు?"

"నానెప్పుడో తిన్నాను గానీ, ఈ మెషీనేటి? కూల్చీడానికేనా?"

పేరు సూరిబాబు. దగ్గర్లోని బూన్ లే పేటలో కూతురి ఫ్లాట్‌లో ఉంటాడు. ఓడరేవులో క్రేన్ నడిపి రిటైరయ్యాడు. ఇంటిపేరేమిటని అడిగితే మొహం గంటు పెట్టుకుని, "సూరిబాబు సాల్లే," అన్నాడు. ఆయన హిందువు, ఈ చర్చిలో ప్రార్థనకి ఎప్పుడూ కూర్చోలేదు. అయినా చిన్నప్పటి నుంచీ వారానికోసారి వచ్చి చుట్టూ ఒకసారి తిరిగి వెళతాడట.

"మా ముత్తాత అప్పలసామి మేస్త్రి కట్టినాడు దీన్ని. బీమిలి నించి ఓడెక్కి ఒచ్చినాడు. గచ్చు సూడమ్మా, సెయ్యేసి సూడు."

చెయ్యి వేశాను. ఇటుక మీద వేసిన గచ్చు చల్లగా, నున్నగా, పాలరాయిలా జారుతోంది. సున్నాన్ని గానుగలో నూరి, కొబ్బరిపీచు నానిన నీళ్ళూ బెల్లమూ గుడ్డు తెల్లసొనా కలిపి, చేత్తో రుద్ది రుద్ది ఆ మెరుపు తెస్తారు. నూటికి పైగా వానాకాలాలు కొట్టినా ఒక్క బీట లేదు. మా ఫ్లాట్‌లో మొన్న వేసిన పెయింటు అప్పుడే పెచ్చులూడుతోంది.

సూరిబాబు అంకుల్ అసలు బాధ మధ్యాహ్నం బయటపడింది. హాకర్ సెంటర్‌లో తన గొడుగు పెట్టి, ఇక్కడివాళ్ళ మాటలో టేబుల్ చోప్ చేసి, మాకు కోపీ అనే ఇక్కడి కాఫీ ఇప్పించాడు. మనవరాలు అక్షర కాలేజీ నుంచి వచ్చి కలిసింది.

"తాత ఇంటిపేరు చెప్పలేదా మీకు?" అని ఇక్కడి ఇంగ్లీషు యాస కలిపి నవ్వింది. "వంకరగోడ వాళ్ళు లా! టెంపుల్‌లో, పెళ్ళిళ్ళలో, ఎవ్రీబడీ కాల్స్ అజ్ దట్."

"నోర్ముయ్యి," అన్నాడు ముసలాయన. కానీ దాచడానికి ఇంకేం మిగల్లేదు.

ఇక్కడ పాతకాలపు తెలుగు కుటుంబాలు కొన్నే. ఒకరి గుట్టు ఒకరికి తెలుసు. అప్పలసామి మేస్త్రి కట్టిన చర్చి వంకరగా ఉందని ఎవరో ఒకరు అన్న మాట నాలుగు తరాలు నిలిచిపోయింది. పెళ్ళిలో విస్తరి వంకరగా వేస్తే "వంకరగోడ వాళ్ళ చెయ్యి పడిందా" అనేవారట. సూరిబాబు తన పెళ్ళిలోనే వియ్యాలవారు ఆ మాటంటే కంచం ముందు నుంచి లేచిపోయాడట. తండ్రి చచ్చిపోయే ముందు, మా తాత తప్పు కట్టలేదురా అన్నాడట గానీ, ఎందుకు అలా కట్టాడో ఆయనకీ తెలియదు.

"ఇప్పుడు కూల్చి తిన్నగా కడితే ఏటన్నట్టు? అప్పలసామికి పనిరాదు అనే గదా. ఊరి నవ్వు ఇన్నాళ్ళూ నోటి మాట. రేపట్నించి అది గోడైపోద్ది," అన్నాడు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అక్షర నవ్వు ఆపేసింది. నిన్న నాకు చుర్రుమన్నది ఎందుకో అప్పుడు అర్థమైంది. ఇంత నున్నని గచ్చు వేసినవాణ్ణి పట్టుకుని పాపం అనడం నాకు సహించలేదు.

సాయంత్రం దీపక్‌ని కూర్చోబెట్టి చాన్సెల్‌ని వెనక్కి తిప్పించాను. తన సాఫ్ట్‌వేరు దిద్దిన దాన్ని మళ్ళీ వంకర చేయడం వాడికి ఇష్టం లేదు. "నువ్వు పట్టిన కుందేలుకు మూడే కాళ్ళు," అని గొణిగాడు. కానీ లెక్కలు చూస్తూ చూస్తూ గొణుగుడు మానేశాడు. గోడలన్నీ గుండు వేలాడదీసి కట్టినట్టు నిటారు. నేల ఈ కొస నుంచి ఆ కొసకి నీళ్ళు పోసినా పారనంత సమం. చాన్సెల్ గోడలు రెండూ ఒకదానికొకటి సమానమైన ఎడంలో, రెండూ ఒకే లెక్కన పక్కకు తిరిగాయి.

"తప్పైతే ఒక్కో గోడ ఒక్కో తీరు పోవాలె," అన్నాడు దీపక్ మెల్లగా. "ఇది బగ్ కాదు నళినీ. ఫీచరు."

తరవాత వారమంతా లైబ్రరీలో ఇంగ్లండు పల్లెటూరి చర్చిల గురించి చదివాను. చదివినకొద్దీ ఆ మనుషుల ఓపికకి దణ్ణం పెట్టాలనిపించింది. ఇల్లు కట్టి చూడు అంటాం మనం. వాళ్ళు ఒక్క చర్చిని వందల ఏళ్ళు కట్టారు. మొదట ఎవరో చెకుముకి రాళ్ళతో మూరల మందం గోడలు లేపి, గాలి దూరనంత చిన్న గుండ్రపు కిటికీలు పెట్టారు. రెండు మూడు తరాలు గడిచాక ఇంకెవరో, పాత గోడ ముట్టకుండా, తూర్పున చాన్సెల్ కలిపారు; అలా తరవాత కలిపినవి కొన్నిచోట్ల పక్కకు తిరిగి ఉంటాయట. అప్పటికి మొనదేలిన కిటికీలు వచ్చాయి. ఆ తరవాత గొర్రెల ఉన్ని అమ్మి ఊరు బాగుపడితే, ఆ కలిమితో రాతి అల్లిక కిటికీ పెట్టించి గోపురం లేపారు. ఊరేగింపుల ఆచారం ఆగిపోయాక ఉత్తరపు తలుపుతో పని లేక పూడ్చేశారు. ఎవరూ ముందువాళ్ళ పనిని చెరపలేదు. అందుకే అలాంటి గోడను చదవగలిగితే ఊరి చరిత్ర మొత్తం వరసగా కనిపిస్తుంది.

ఆ వరసే మన చర్చిలో ఉంది. హాలులో గుండ్రపు కిటికీ, చాన్సెల్‌లో మొనదేలిన కిటికీ, గోపురం పక్కన అల్లిక కిటికీ. ఇంగ్లండు మొహం చూడని భీమిలి మేస్త్రి తప్పు చేసినా, ఆ తప్పు శతాబ్దాల వరసలో ఎలా పడుతుంది?

టాన్ దగ్గరకి పరిగెత్తాను. ఆయన శ్రద్ధగా విన్నాడు, లెక్కల మాస్టారు కదా. విని, "దొర ఏదో నమూనాల పుస్తకం చూసి మూడు రకాలూ ఎంచుకుని ఉండవచ్చు. పునాది గీత గీసేటప్పుడే తప్పితే గోడలు రెండూ ఒకేలా తిరుగుతాయి. ఫోటో మాత్రం కళ్ళెదుట ఉంది కదమ్మా," అన్నాడు. గోరుచుట్టుపై రోకటి పోటులా, పూడ్చిన తలుపు కోసే పని గురువారం మొదలవుతుందని కూడా చెప్పాడు.

గురువారం సూరిబాబు అంకుల్ అందరికన్నా ముందే వచ్చి కూర్చున్నాడు. పనివాళ్ళు గచ్చు గీకి, పై వరస ఇటుకలు ఒక్కొక్కటే తీశారు. లోపలంతా మామూలు ఇటుకే ఉంటుందని, పైపైన అలంకారానికి తలుపు ఆకారం గీశారని అందరం అనుకున్నాం. ఇటుకల వెనక నల్లటి కర్ర కనిపించింది. ఇంకొన్ని తీస్తే అది ద్వారబంధం అని తేలింది. రెండు నిలువు కమ్మీలు, పైన అడ్డకమ్మి, కింద గడప. మామూలు ఇంటి గుమ్మం ఎలా ఉంటుందో అలా, పూర్తిగా. గడపకి ఎండిపోయిన పసుపు, దాని మీద కుంకుమ బొట్ల మరకలు ఉన్నాయి. అడ్డకమ్మికీ గోడకీ మధ్య సందులో ఒక చిన్న గుడ్డ మూట ఇరికించి ఉంది.

పనివాళ్ళ మేస్త్రి దాన్ని తీసి టాన్ చేతిలో పెట్టాడు. గుడ్డ ముట్టుకుంటే పొడిపొడిగా రాలింది. లోపల ఒక పసుపు కొమ్ము, పురుగు తిన్న ధాన్యపు పొట్టు, ఒక రాగి డబ్బు.

"ఏమిటిది?" అన్నాడు టాన్.

నేను చెప్పేలోపే సూరిబాబు అంకుల్ గడప ముందు కూలబడ్డాడు. రెండు చేతులూ గడపకి ఆనించి, ఆ చేతులు కళ్ళకద్దుకున్నాడు.

"ద్వారబంధం నిలబెట్టేటప్పుడు నవధాన్యాలు కట్టకుండా మా వోళ్ళు కమ్మి లేపరయ్యా. దేవుడెవరైతేనేం, గుమ్మం గుమ్మమే గదా," అన్నాడు.

నేను ఇంగ్లీషులో చెప్పాను. టాన్ నవ్వాడు. "మా నాయనమ్మయితే శుభానికి గుమ్మం మీద ఎర్ర కాగితం అంటించేది," అని మూటని భద్రంగా బలిపీఠం పక్కన బల్ల మీద పెట్టించాడు. దీపక్ మాత్రం టార్చి పట్టుకుని ద్వారబంధం చుట్టూ తడుముతున్నాడు.

"నళినీ, ఇటు సూడు. బందులు కొట్టిన మేకుల గుర్తుల్లేవు. గొళ్ళెం గుంత లేదు. ఈ గుమ్మానికి తలుపే పెట్టలే ఎన్నడూ."

అప్పుడు నా బుర్ర వెలిగింది. గుమ్మం నిలబెట్టారు. పసుపు రాశారు, బొట్లు పెట్టారు, ధాన్యం కట్టారు. తలుపు పెట్టకుండానే, ఒక్క మనిషీ దాటకుండానే, ఇటుకలతో మూసేశారు. తప్పు చేసినవాడు, అలంకారానికి గీసినవాడు ఇంత శ్రమ పడడు. దొర ఇచ్చిన కాగితం మీద పూడ్చిన తలుపు ఉంది. అప్పలసామి మేస్త్రి దాన్ని అలాగే కట్టాలి. గోడ మీద నాలుగు గీతలు గీస్తే దొరకు సరిపోయేదేమో గానీ, ఆయనకి సరిపోలేదు. పూడ్చిన తలుపంటే ముందు అది తలుపు అయి ఉండాలి. తలుపంటే గడప ఉండాలి, గడపంటే పూజ జరగాలి. అన్నీ చేసి అప్పుడు పూడ్చాడు. ఎవరూ చూడని చోట అంత నిజాయితీగా కట్టినవాడి మీద నాకు కలిగిన గౌరవం ఇంతా అంతా కాదు.

"సార్," అన్నాను టాన్‌తో, "1884లో ఆష్‌మేర్ గోడకి పూడ్చిన తలుపు ఉంది. ఇప్పుడు లేదు. అంటే మీ ఫోటోలో ఉన్నది అప్పటి చర్చి కాదు."

ఆయన వంగి గడపని చేత్తో తడిమాడు. తరవాత పని ఆపించాడు. "నెల రోజులు ఆగుదాం. ఆష్‌మేర్ వాళ్ళని అడుగు," అన్నాడు.

ఫోటోలు పంపింది ఆర్థర్ పెల్ అనే ఆయన. ఆష్‌మేర్ చర్చి బాగోగులు చూసే పెద్దమనిషి. ఈమెయిల్‌లో అంతా రాశాను. మర్యాదగా జవాబిచ్చాడు. తమ చర్చి తనకీ తన తాతకీ తెలిసినంతవరకు సూటిగానే ఉందని, పాత కాగితాలు చెమ్మకి పాడైపోయాయని. సూరిబాబు అంకుల్ రోజూ ఫోను చేసేవాడు. "ఏటమ్మా, దొర ఏటన్నాడు?" అనేవాడు. నేను ఏమీ లేదంటే, "సర్లే, తిన్నావా," అని పెట్టేసేవాడు. ఆ ముసలి గొంతు వింటే నాకు ఇంగ్లండు మీదే కోపం వచ్చేది.

ఆ జూలైలో ఇంగ్లండులో ఎన్నడూ లేనంత ఎండలు కాశాయి. పచ్చికలన్నీ మాడిపోయాయని టీవీలో చూపించారు. నెలాఖరున పెల్ నుంచి ఒక ఫోటో వచ్చింది. గోపురం ఎక్కి కిందికి తీశాడు. చాన్సెల్ పక్కన పచ్చిక ఎండి లేతరంగులో ఉంది. అందులో ఇంకా తెల్లగా మాడిన రెండు చారలు, పక్కపక్కనే, చాన్సెల్ గోడ కింద నుంచి బయటికి వచ్చి ఎడమకు తిరిగాయి. నేల కింద పాత పునాది ఉన్నచోట మట్టి పలచన. ఎండ ముదిరితే అక్కడి గడ్డే ముందు చస్తుంది. కూల్చేసిన గోడ గడ్డి మీద తేలింది.

దీపక్ ఆ ఫోటోని మా కొలతల మీద పరిచాడు. పాత పునాది చారలు వచ్చి అప్పలసామి గోడల మీద అచ్చు గుద్దినట్టు కూర్చున్నాయి. వాడు కుర్చీలోంచి లేచి తెరకి సెల్యూట్ కొట్టాడు.

జరిగింది ఇది. మన చర్చి కట్టాక ఎప్పుడో ఆష్‌మేర్ వాళ్ళకీ నాలుగు డబ్బులు చేరాయి. వాళ్ళకీ వంకర నచ్చలేదు. పాత చాన్సెల్ కూల్చి తిన్నగా కట్టి, కిటికీలన్నీ ఒకే అచ్చుకి మార్చి, పూడ్చిన తలుపు మీద గోడ నున్నగా మెత్తారు. వందల ఏళ్ళ చరిత్ర తుడిచిపెట్టుకుపోయింది. అది ఇప్పుడు భూమ్మీద ఒక్కచోటే మిగిలింది, జురాంగ్ వెస్ట్ ఫ్లాట్ల వెనక, భీమిలి గచ్చులో. మేం ఆ మిగిలినదాన్ని కూడా తిన్నగా చేయబోయాం.

టాన్ ప్లాను చింపేశాడు. గడపకి కొత్త పసుపు రాసి, సూరిబాబు అంకుల్ చేత కొత్త మూట కట్టించి, ఇటుకలు మళ్ళీ పేర్పించాడు. విరాళాలు గచ్చు మరమ్మతుకీ పైకప్పుకీ సరిపోయాయి.

నవంబరులో ఆర్థర్ పెల్ వచ్చాడు. పొడుగాటి ముసలాయన, చెమటతో తడిసి ముద్దయ్యాడు. హాలులోంచి నడుస్తూ, చాన్సెల్ దగ్గర ఎడమకు తిరిగే చోట ఆగిపోయాడు. టోపీ తీసి చేతిలో నలిపాడు. ఇలాంటి చర్చిలని తమ వైపు, సిలువ మీద ఏసు తల పక్కకి ఒరిగినట్టు చాన్సెల్ తిప్పి కట్టారంటారని, తమ ఊరికి అంత భాగ్యం ఉండేదని తెలియక డెబ్భై ఏళ్ళు బతికానని అన్నాడు. కన్నీళ్ళు తుడుచుకోవడానికి కూడా మొహమాటపడలేదు. తరవాత, దీన్ని కట్టినవారి మనుషులు ఎవరైనా ఉన్నారా అని అడిగాడు.

సూరిబాబు అంకుల్ వెనక బెంచీ దగ్గర నిలబడి ఉన్నాడు, ఇస్త్రీ చొక్కా వేసుకుని, అక్షర భుజం పట్టుకుని. పెల్ వెళ్ళి చెయ్యి చాచి తన పేరు చెప్పాడు. ముసలాయన ఆ చెయ్యి అందుకున్నాడు.

"సూరిబాబు," అన్నాడు. మెడ నిటారుగా ఎత్తాడు. "వంకరగోడ సూరిబాబు."

నా వైపు తిరిగాడు. "ఇంటిపేరుకి అర్థం కూడా సెప్పమ్మా. సరిగ్గా సెప్పు."